దుమ్ము పట్టిన ఊపిరితో దూరదేశం: జబ్బున్నవారికి ప్రయాణ బీమా

ప్రయాణ బీమా ఫారంలో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు దాటాక ఒక ప్రశ్న వస్తుంది: మీకు ఇదివరకే ఏమైనా జబ్బులు ఉన్నాయా? పక్కన ‘ఉన్నాయి’, ‘లేవు’ అని రెండు గడులు. కోలారు జిల్లాలోని కామసముద్రం, బంగారుపేట, కేజీఎఫ్ (కోలారు బంగారు గనులు) చుట్టుపక్కల ఈ ఫారం నింపేది చాలావరకు ప్రయాణం చేసే పెద్దవాళ్ళు కాదు. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న కొడుకో కూతురో అక్కడినుంచే ఫోన్లో నింపేస్తారు. లేదంటే ట్రావెల్స్ ఆఫీసులో కుర్రాడు నింపుతాడు. “షుగరు, బీపీ ఈ వయసులో అందరికీ ఉండేవే కదా అంకుల్, ‘లేవు’ అని పెట్టేస్తా. ఉన్నాయంటే ప్రీమియం పెరుగుతుంది” అంటాడు. మనవడిని చూడబోయే సంబరంలో ఉన్న పెద్దాయన సరేనంటాడు.

ఆ టిక్కు పెట్టిన క్షణంలోనే చాలా పాలసీలు పనికిరాకుండా పోతాయి. ఆ సంగతి మాత్రం ఎక్కడో పరాయి ఊళ్ళో, ఆసుపత్రి బిల్లు చేతికి వచ్చాకే తెలుస్తుంది. ప్రయాణ బీమాలో ఎంత మొత్తానికి పాలసీ తీసుకున్నామన్నది రెండో ప్రశ్న. నాకున్న జబ్బును ఈ పాలసీ ఏమంటోంది అన్నదే మొదటి ప్రశ్న. ఈ మాట ఏ ఊరివాళ్ళకైనా వర్తిస్తుంది. కానీ కోలారు జిల్లావాళ్ళకు ఇంకాస్త గట్టిగా చెప్పాలి. కారణం ఇక్కడి నేల కింద ఉంది.

బెంగళూరు నుంచి జోలార్‌పేట వెళ్ళే రైలుమార్గంలో బంగారుపేట దాటి కుప్పం చేరేలోగా వచ్చే స్టేషన్లలో కామసముద్రం ఒకటి. ఇళ్ళలో తెలుగు, బళ్ళో కన్నడం, గనుల కాలనీల్లో తమిళం వినిపించే ప్రాంతం. 1880లో బంగారం తవ్వడానికి జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడేదాకా, నూటఇరవై ఏళ్ళు ఈ చుట్టుపక్కల కుటుంబాల కూడు గనుల మీదే. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో దానికీ చోటుంది.

ఆ లోతులో బంగారం ఉన్నది క్వార్ట్జ్ రాతిలో. క్వార్ట్జ్ అంటే సిలికా. రాతికి బెజ్జం వేసినా, మందుగుండు పేల్చినా, పలుగుతో కొట్టినా సిలికా దుమ్ము లేస్తుంది. కంటికి కనిపించే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. ప్రమాదమంతా కనిపించని దుమ్ముతో. మిల్లీమీటరులో రెండు వందల్లో ఒక వంతు కంటే చిన్న రేణువులు ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా చేరతాయి. శరీరంలోని కాపలా కణాలు వాటిని మింగుతాయి గానీ అరిగించుకోలేవు. మింగిన కణమే చచ్చి పగులుతుంది, రేణువు బయటపడుతుంది, మరో కణం వచ్చి మింగుతుంది. ఈ తంతు సాగినన్నాళ్ళూ అక్కడ వాపు, ఆ వాపు మీద మచ్చకండ పెరుగుతాయి. స్పాంజిలా సాగి ముడుచుకోవాల్సిన ఊపిరితిత్తి గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్.

మన దేశంలో ఈ జబ్బు మొదట బయటపడింది 1934లో, కోలారు బంగారు గనుల్లోనే. మైసూరు సంస్థానం 1940లో సిలికోసిస్ నిబంధనలు తెచ్చింది. ఆ దశాబ్దంలో ఏడు వేలమందికి పైగా గని కార్మికులను పరీక్షిస్తే నూటికి నలభైమందికి పైగా ఊపిరితిత్తుల్లో ఈ మచ్చలు కనిపించాయి. తర్వాత నీళ్ళు చల్లుతూ బెజ్జాలు వేయడం, గాలి మార్పిడి పెంచడం వంటి జాగ్రత్తలు వచ్చాయి. అయినా దుమ్ము పూర్తిగా పోలేదు.

బీమాకు సంబంధించి సిలికోసిస్‌లో తెలుసుకోవలసిన లక్షణం ఒకటుంది. దుమ్ములో పని మానేసినంత మాత్రాన అది ఆగదు. లోపల చిక్కుకున్న రేణువులు తమ పని తాము చేస్తూనే ఉంటాయి. పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో ఆయాసం మొదలవుతుంది. 2001లో గని మూతపడి ఇంటికొచ్చిన నలభై ఏళ్ళ మనిషికి ఇప్పుడు అరవై దాటింది. మెట్లెక్కితే రొప్పు వస్తోందంటే వయసని సరిపెట్టుకుంటాడు. ఎక్స్‌రే తీయించుకుని ఉండడు. అలాంటి మనిషి ‘జబ్బులు లేవు’ అని నిజాయతీగానే రాయొచ్చు. ఆ నిజాయతీ అన్ని పాలసీల్లోనూ పనికొస్తుందా? రాదు. ఎందుకు రాదో చెప్పే ముందు అసలు విమానంలో ఈ ఊపిరితిత్తికి ఏమవుతుందో చూడాలి.

విమానం 35,000 అడుగుల ఎత్తున ఎగురుతున్నా లోపలి గాలిని పంపులతో ఒత్తిడి పెంచి ఉంచుతారు. అయితే ఆ ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు. నిబంధనల ప్రకారం లోపలి గాలి 8,000 అడుగుల కొండ మీద ఉండే గాలి కంటే పలచబడకూడదు. అంటే సుమారు 2,440 మీటర్లు. కేజీఎఫ్ ఎత్తు సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్లు. కనుక విమానం ఎక్కిన కోలారు మనిషి కూర్చున్న చోటే తన ఊరికి దాదాపు మూడింతల ఎత్తున్న కొండ ఎక్కినట్టు లెక్క. అక్కడ ఒక్కో శ్వాసలో అందే ఆమ్లజని, సముద్రమట్టంలో 21కి బదులు 15 శాతం ఉన్న గాలి పీల్చినప్పుడు అందేంతే. అదీ పది, పదహారు గంటలపాటు.

ఆరోగ్యవంతుడికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. వేలికి పెట్టే ఆక్సీమీటరులో 97 చూపించేది 92, 93కి దిగుతుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్ తీరు అలాంటిది: పీల్చే ఆమ్లజని తగ్గుతున్నా తొంభై దాకా అది పట్టు వదలదు. తొంభై దాటి కిందికి వచ్చిందా, అక్కడినుంచి ఏటవాలు జారుడే. నేల మీదే 92, 93తో నెట్టుకొస్తున్న మచ్చలు పట్టిన ఊపిరితిత్తి, విమానంలో సరిగ్గా ఆ జారుడులో పడుతుంది. ఎనభైల్లోకి వెళ్తుంది. గుండె వేగం పెంచుకుంటుంది. ఆ గుండెకు ఇదివరకే స్టెంటు వేసి ఉంటే, దాని మీద పడే భారం గురించి వేరే చెప్పాలా?

ఇంకో సంగతి. ఒత్తిడి తగ్గితే గాలి వ్యాకోచిస్తుంది. ఊపిరితిత్తుల్లో దారి మూసుకుపోయిన గాలిబుడగలు ఉంటే అవి దాదాపు 30 శాతం దాకా ఉబ్బుతాయి. అలాంటి బుడగ పగిలితే ఊపిరితిత్తి కుంచించుకుపోయే ప్రమాదం ఉంది. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే కాళ్ళ సిరల్లో గడ్డకట్టే అవకాశం రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశోధన 2007లో తేల్చింది. షుగరున్నవాళ్ళకు సమయాల తేడాతో ఇన్సులిన్ లెక్క తప్పుతుంది. అయితే విమానాలన్నీ ఒకటి కావు: బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 రకాల్లో లోపలి గాలిని 6,000 అడుగుల ఎత్తుకు మించి పలచబడనివ్వరు. ఊపిరి ఇబ్బంది ఉన్నవారికి టికెట్టు కొనేటప్పుడు చూసుకోదగిన తేడా ఇది.

విమానంలోని పలచని గాలిని ఊపిరితిత్తి తట్టుకుంటుందో లేదో ముందే తెలుసుకునే పరీక్ష కూడా ఉంది. ఇరవై నిమిషాలపాటు 15 శాతం ఆమ్లజని ఉన్న గాలిని పీల్పించి రక్తంలో ఎంత మిగిలిందో కొలుస్తారు. ఆక్సీమీటరు 85 కంటే కిందికి దిగితే విమానంలో ఆమ్లజని అవసరమని వైద్యులు రాసిస్తారు. ఛాతీ వైద్య విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రుల్లో అడగాలి. సొంత ఆమ్లజని సిలిండరును విమానంలోకి సాధారణంగా అనుమతించరు. విమాన సంస్థ ఒప్పుకున్న చిన్న కాన్సంట్రేటరు (గాలిలోంచి ఆమ్లజని తీసే యంత్రం) తీసుకెళ్ళవచ్చు, దానికీ ముందుగా చెప్పి వైద్యుడు నింపిన ఫారం ఇవ్వాలి. ఈ కాగితాలు విమానం కోసం మాత్రమే అనుకోకండి. రేపు బీమా కంపెనీ “వైద్యుడి సలహాకు విరుద్ధంగా ప్రయాణం చేశారు” అని చెప్పి చెల్లింపు ఆపకుండా కాపాడేవి కూడా ఇవే.

కంపెనీ ఎందుకు భయపడుతుంది

బీమా కంపెనీలు జబ్బున్నవాళ్ళను చూసి వెనకాడటం వెనక దయలేనితనం ఒక్కటే లేదు, ఒక లెక్క కూడా ఉంది. జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1970లో రాసిన ఒక వ్యాసంలో, అరవై అయిదు దాటినవాళ్ళకు ఎంత డబ్బిస్తానన్నా ఆరోగ్య బీమా దొరకడం ఎందుకు కష్టం అని అడిగాడు. ఆయన జవాబు ఇది: తన ఒంటి సంగతి మనిషికి తెలుసు, కంపెనీకి తెలియదు. ప్రీమియం పెంచితే ఆరోగ్యవంతులు మానుకుంటారు, జబ్బు ఖాయమని తెలిసినవాళ్ళే మిగులుతారు. ఖర్చు పెరుగుతుంది, ప్రీమియం మళ్ళీ పెరుగుతుంది, చివరికి బజారే మూతపడుతుంది. ఈ ఆలోచనకు ఆయన 2001లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

ఇందుకే ‘ఇదివరకే ఉన్న జబ్బు’ అనే మినహాయింపు పుట్టింది. దేశంలో మనం కొనే మామూలు ఆరోగ్య పాలసీలకు బీమా నియంత్రణ సంస్థ దీని అర్థాన్ని 2024లో బిగించింది. పాలసీ తీసుకోవడానికి ముందు 36 నెలల్లో నిర్ధారణ అయినదో, చికిత్స తీసుకున్నదో మాత్రమే ఆ కోవలోకి వస్తుంది. ఆ జబ్బుకు చెల్లింపు మొదలయ్యేదాకా ఉండే నిరీక్షణ కాలం మూడేళ్ళకు మించకూడదు. మంచి మార్పే. కానీ విదేశీ ప్రయాణ పాలసీకి ఈ రక్షణ లేదు. అక్కడ ఒక్కో కంపెనీ తన పాలసీలో రాసుకున్న నిర్వచనమే చట్టం.

ఆ నిర్వచనాలు ఎంత దూరం వెళ్తాయో చూడండి. అమెరికాలో అమ్మే సందర్శకుల పాలసీల్లో చాలావాటిలో, పాలసీ మొదలైన రోజున ఒంట్లో ఉన్న ఏ జబ్బైనా ఇదివరకే ఉన్నదే, అది బయటపడినా పడకపోయినా, మీకు తెలిసినా తెలియకపోయినా అని ఉంటుంది. ఆ గని మనిషి నిజాయతీగా ‘లేవు’ అని రాసిన మాట ఎందుకు చాలదో ఇప్పుడు అర్థమవుతుంది. ఎక్స్‌రే తీయించుకోనంత మాత్రాన ఊపిరితిత్తుల్లో మచ్చలు నిన్న పుట్టినవి కావని అక్కడి స్కానింగ్ ఒక్కసారిలో చెప్పేస్తుంది. తెలియకపోవడం రక్షణ కాదు. అందుకే గనుల్లో పనిచేసినవాళ్ళు ప్రయాణానికి ముందే ఎక్స్‌రే, ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ చేయించుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఏం లేదని తేలితే అదే మీ చేతిలో సాక్ష్యం. ఏదైనా ఉందని తేలితే దానికి తగ్గ పాలసీ వెతుక్కోవచ్చు.

పాలసీల్లో జబ్బు గురించి మూడు రకాల మాటలు కనిపిస్తాయి. ఏది ఏమిటో తెలిస్తే సగం పని అయినట్టే.

మొదటిది పూర్తి మినహాయింపు. ఇదివరకే ఉన్న జబ్బుకు గానీ, దాని వల్ల వచ్చే దేనికి గానీ పైసా ఇవ్వరు. షుగరున్న మనిషికి గుండెపోటు వస్తే అది షుగరు ‘వల్ల’ వచ్చిందంటారు. ఇలాంటి పాలసీతో కాలు విరిగితేనే ప్రయోజనం.

రెండోది ప్రాణాపాయానికి మాత్రమే. మన దేశంలో అమ్మే చాలా పాలసీల్లో ఉండే మాట ఇదే. ఇదివరకే ఉన్న జబ్బు హఠాత్తుగా ప్రాణం మీదికి తెస్తే, ప్రాణం నిలబెట్టడానికి చేసే అత్యవసర చికిత్స వరకే ఇస్తారు, అదీ ఒక పరిమితికి లోబడి. మనిషి నిలదొక్కుకున్నాడని వైద్యుడు రాసిన క్షణం నుంచి ఖర్చు మనదే. చాలామంది మోసపోయేది ఇక్కడే. పాలసీ పైన లక్ష డాలర్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. లోపల ఈ పద్దుకు విడిగా ఓ చిన్న మొత్తం రాసి ఉంటుంది. కొనేముందు చూడాల్సింది ఆ చిన్న అంకెను.

మూడోది ‘హఠాత్తుగా ముదిరితే’ అనే మాట, అమెరికా పాలసీల్లో ఎక్కువ. విన్నప్పుడు ఉదారంగా ఉంటుంది. ముందస్తు లక్షణాలేవీ లేకుండా ఉన్నట్టుండి ముదరాలి, ముదిరిన ఇరవై నాలుగు గంటల్లోగా చికిత్సకు చేరాలి, వయసు డెబ్బైకో ఎనభైకో లోబడి ఉండాలి అన్న షరతులు వెంట ఉంటాయి. క్రమంగా పెరిగే జబ్బుకు ఇది వర్తించదని కూడా రాసి ఉంటుంది. గుండెపోటుకు ఈ మాట పనికొస్తుంది. సిలికోసిస్‌కు? అది స్వభావంలోనే క్రమంగా పెరిగే జబ్బు. రెండు రోజులుగా దగ్గు, ఆయాసం ఉండి మూడోనాడు ఆసుపత్రికి వెళ్తే లక్షణాలు ముందే ఉన్నాయంటారు. పిల్లల ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు “ఎందుకురా వాళ్ళకు ఖర్చు” అనుకుని రెండు రోజులు ఓర్చుకుంటారు. ఆ ఓర్పుకే ఈ పాలసీలో శిక్ష. ఆయాసం మొదలైన మొదటి గంటలోనే నోరు విప్పమని మీ నాన్నగారికి, అత్తగారికి బయల్దేరే ముందే చెప్పండి.

కెనడా వెళ్ళేవాళ్ళకు ‘నిలకడ’ అనే నాలుగో చిక్కు ఉంది. పిల్లల దగ్గర ఉండేందుకు తల్లిదండ్రులకు ఇచ్చే అక్కడి సూపర్ వీసాకు ఏడాది పాటు చెల్లే, కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా తప్పనిసరి. ఈ పాలసీల్లో ఇదివరకే ఉన్న జబ్బుకూ రక్షణ దొరుకుతుంది గానీ ఆ జబ్బు బయల్దేరడానికి ముందు 90 రోజులో 180 రోజులో నిలకడగా ఉండాలి. నిలకడంటే కొత్త లక్షణం లేకపోవడం ఒక్కటే కాదు. మందు మారకూడదు, మోతాదు పెరగకూడదు, చాలా పాలసీల్లో తగ్గకూడదు కూడా. ఏ పరీక్ష ఫలితమూ పెండింగులో ఉండకూడదు. ప్రయాణానికి రెండు వారాల ముందు “ఒకసారి చూపించుకుని వెళ్దాం” అని డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన మంచికే బీపీ మాత్ర మారుస్తారు. దాంతో నిలకడ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. దీనికి విరుగుడు డాక్టరును తప్పించుకోవడం కాదు, ఆరు నెలల ముందే వెళ్ళడం. అప్పుడే మందులు సర్దించుకుని, ఆ తర్వాత మార్పు లేకుండా చూసుకోవాలి. మధ్యలో మార్పు తప్పకపోతే బీమా కంపెనీకి తెలియజేసి, వాళ్ళ జవాబు రాతలో తెచ్చుకోవాలి.

యూరప్‌లో షెంగెన్ వీసాకు 30,000 యూరోల వైద్య బీమా కావాలి. అది వీసా కోసం పెట్టిన కనీసం, మీ గుండె కోసం వేసిన లెక్క కాదు. అమెరికా సందర్శకుల వీసాకైతే బీమా అడగనే అడగరు. అందుకే కొందరు లేకుండానే వెళ్తారు. అక్కడి చట్టం ప్రకారం అత్యవసర విభాగానికి వచ్చిన మనిషిని డబ్బు లేదని తిప్పి పంపకూడదు, నిజమే. 1986 నుంచి ఆ చట్టం ఉంది. కానీ చికిత్స చేశాక బిల్లు పంపవద్దని ఆ చట్టంలో లేదు.

శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో ఒక గుండెపోటు

దాచకుండా చెప్పడం వల్ల ఒరిగేదేమిటి, ఎలాగూ ఏదో వంక పెడతారుగా అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు నేను ఒక కేసు చెబుతాను. మన్‌మోహన్ నందా అనే భారతీయుడు 2009లో బంధువుల పెళ్ళికి అమెరికా వెళ్తూ యునైటెడ్ ఇండియా కంపెనీ దగ్గర విదేశీ మెడిక్లెయిమ్ పాలసీ తీసుకున్నారు. కంపెనీ కోరిన వైద్య పరీక్ష జరిగింది. తనకు షుగరు ఉందని ఆయన చెప్పారు. శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే చెమటలు, నీరసం. గుండెపోటు. మూడు స్టెంట్లు వేశారు. కంపెనీ చెల్లించనంది. కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడుతున్న సంగతి చెప్పలేదు, జబ్బు దాచారు అన్నది వాదన. జాతీయ వినియోగదారుల కమిషన్ కూడా కంపెనీ వైపే మొగ్గింది.

2021 డిసెంబరు 6న సుప్రీంకోర్టు దాన్ని తిరగరాసింది. జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ బి.వి. నాగరత్న ధర్మాసనం అది. షుగరున్నవాళ్ళకు గుండె కాపాడేందుకు ముందుజాగ్రత్తగా కూడా స్టాటిన్ ఇస్తారు, అది వేరే జబ్బు దాచినట్టు కాదు అంది. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి చెప్పింది. మనిషి తన ఆరోగ్య పరిస్థితి చెప్పి, కంపెనీ దాన్ని పరిశీలించి, ఆ ముప్పును ఎరిగే పాలసీ ఇచ్చాక, తర్వాత అదే పరిస్థితిని చూపించి చెల్లింపు నిరాకరించడం కుదరదు. దాదాపు 2,29,000 డాలర్లకు సరిపడే రూపాయలు వడ్డీతో చెల్లించమంది.

ఈ తీర్పు రెండు పాఠాలు నేర్పుతుంది. ఆయన గెలిచింది షుగరు సంగతి ముందే చెప్పి, పరీక్షకు నిలబడినందువల్ల. ‘లేవు’ అని టిక్కు పెట్టి ఉంటే ఈ వాదనకు కాలు మోపే చోటే ఉండేది కాదు. బీమా ఒప్పందంలో రెండు పక్షాలూ పూర్తి నిజం చెప్పుకోవాలన్నది న్యాయస్థానాలు ఎప్పటినుంచో పట్టుకున్న సూత్రం. గనుల్లో పనిచేసినవాళ్ళకు సిలికోసిస్ ధ్రువపత్రమో, పాత ఆసుపత్రి చీటీయో, నష్టపరిహారం కాగితమో ఉంటే అది ఎప్పటికైనా బయటికి వచ్చేదే. దాన్ని దాచి సంపాదించేదేమీ లేదు. రెండోది: న్యాయం దొరకడానికి ఆయనకు పన్నెండేళ్ళు పట్టింది. కాబట్టి కాగితాలు మొదటి రోజే గట్టిగా ఉండాలి.

కాగితాలంటే ఏమిటి? కామసముద్రం నుంచి వెళ్ళే మనిషి ఏ డాక్టరుకు చూపించుకున్నా, కోలారు టమకలోని జాలప్ప ఆసుపత్రి కావచ్చు, కుప్పం పీఈఎస్ కావచ్చు, బెంగళూరు కావచ్చు, ఆయన లెటర్‌హెడ్ మీద ఒక పేజీ రాయించుకోవాలి. జబ్బుల పేర్లు, ఎప్పటినుంచి, ఇప్పుడు వాడుతున్న మందుల అసలు పేర్లు, మోతాదులు, ఆఖరుగా మందు మారిన తేదీ, ప్రయాణానికి పనికివస్తాడన్న మాట. మందుల కంపెనీ పేర్లు అక్కడివాళ్ళకు తెలియవు, అందుకే అసలు పేర్లు. ఈ పేజీ నకలు ప్రపోజల్ ఫారంతో పాటు కంపెనీకి పంపాలి. పంపినట్టు ఈమెయిల్ ఉండాలి. ఏజెంటు నోటితో చెప్పిన హామీకి విలువ లేదు. నింపిన ఫారం నకలు తీసుకుని, ఆ జబ్బుల గడిలో ఏముందో మీ కళ్ళతో చూడండి. ఎవరు నింపినా కింద సంతకం మీది.

పాలసీ చూసేటప్పుడు ఇంకొన్ని. అరవై దాటినవాళ్ళకు మన దేశపు పాలసీలు చాలావాటిలో గది అద్దెకు, ఐసీయూకు, శస్త్రచికిత్సకు విడివిడిగా పరిమితులు పెడతారు. అమెరికాలో కూడా చవక పాలసీలు రోజుకింత అని నిర్ణీత మొత్తమే ఇస్తాయి. బిల్లులో శాతం లెక్కన ఇచ్చేవి ఖరీదు ఎక్కువైనా జబ్బున్నవారికి అవే మేలు. ముందుగా మన జేబులోంచి ఎంత పెట్టుకోవాలో చూడాలి. ఉండే ఊళ్ళో ఆ కంపెనీకి ఒప్పందమున్న ఆసుపత్రి ఉందో లేదో పిల్లలు కనుక్కోవాలి. మన దేశపు పాలసీ బయల్దేరకముందే కొనాలి. అక్కడ ఉండగా పొడిగించుకోవాలంటే, మధ్యలో జబ్బు పడితే ఒప్పుకోకపోవచ్చు. కనుక రోజులు కొంచెం ఎక్కువగానే తీసుకోండి.

ఇక దేశం లోపలి ప్రయాణం. మనవాళ్ళలో ఎక్కువమందికి తెలిసిన ప్రయాణ బీమా ఐఆర్‌సీటీసీ టికెట్టు కొనేటప్పుడు అడిగే 45 పైసలది. ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు, గాయపడి ఆసుపత్రిలో చేరితే 2 లక్షల దాకా ఇస్తారు. ప్రమాదానికి మాత్రమే. రైల్లో గుండెపోటు వస్తే అది వర్తించదు. కామసముద్రం కౌంటర్లో కొనే మామూలు టికెట్టుకు అదీ ఉండదు. దేశంలో తిరిగేటప్పుడు అసలు ఆసరా మన ఆరోగ్య పాలసీయే, లేదంటే ఆయుష్మాన్ భారత్ కార్డు. 2024 అక్టోబరు నుంచి, దాన్ని అమలు చేస్తున్న రాష్ట్రాల్లో, డెబ్బై నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏడాదికి 5 లక్షల దాకా ఆ పథకం వర్తిస్తోంది. పాత జబ్బులకు కూడా. పథకంలో చేరిన ఇతర రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. కేదార్‌నాథ్ 3,580 మీటర్ల ఎత్తున ఉంది, విమానం లోపలి గాలి కంటే అక్కడి గాలి ఇంకా పలచన. దుమ్ము పట్టిన ఊపిరితో ఆ యాత్రకు వెళ్ళేవాళ్ళు కార్డు కంటే ముందు ఛాతీ డాక్టరును కలవాలి. అయితే ఈ కార్డు గానీ మామూలు మెడిక్లెయిమ్ గానీ దేశం దాటితే పనిచేయవు.

అన్నీ సరిగ్గా చేసినా కంపెనీ కాదంటే ఏం చేయాలి? ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. కర్ణాటకవాళ్ళకు ఆ కార్యాలయం బెంగళూరులో, ఆంధ్ర, తెలంగాణవాళ్ళకు హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. మరో దారి వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక కేసు ఏ స్థాయిలో వేయాలన్నది మనం కట్టిన ప్రీమియాన్ని బట్టే గానీ అడిగే పరిహారాన్ని బట్టి కాదు. అంటే కోటి రూపాయల అమెరికా బిల్లు గురించైనా కోలారు జిల్లా కమిషన్‌లోనే, మన ఊరి నుంచే, రెండేళ్ళలోగా కేసు వేయవచ్చు.

మీ ఇంట్లో గనిలో పనిచేసిన పెద్దాయన ఉండి, ఈ ఏడాది పిల్లల దగ్గరికి పంపాలనుకుంటే, టికెట్టు కంటే ముందు ఎక్స్‌రే తీయించండి. ఆ రిపోర్టు జతచేసి రెండు మూడు కంపెనీలకు ఒకే ప్రశ్న రాయండి: ఈ జబ్బు అక్కడ ముదిరితే మీరు ఎంత దాకా చెల్లిస్తారు, ఏ షరతుల మీద? రాతలో జవాబిచ్చిన కంపెనీ దగ్గరే పాలసీ కొనండి.